అమ్మమంటారా, ఉంచమంటారా?

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చాలాకాలం పనిచేసి దిగిపోయాను. ఈ మధ్య తెలిసినాయన ఒకరు కొత్తగా స్టోరేజీ కట్టారు. తన దగ్గర చేరిన మేనేజర్లకు పనికొచ్చేలా నాలుగు ముక్కలు రాసివ్వమని అడిగారు. ఛాంబర్లలో చలి ఎంత ఉండాలి, గాలి ఆడేలా బస్తాలు ఎలా పేర్చాలి, నిమ్మెక్కిన మిర్చికాయను గేటు దగ్గరే ఎలా పట్టుకోవాలి, ఇలాంటివి రాస్తాననుకుని ఉంటారు. అవన్నీ మీకు హమాలీల మేస్త్రీ ఒక్క సీజనులో నేర్పేస్తాడు. వాటికి నేను అక్కర్లేదు.

నేను రాయదలుచుకున్నది వేరు. మీరు కుర్చీలో కూర్చున్న మొదటి వారంలోనే ఒక రైతు వచ్చి బల్లకు అవతల నిలబడతాడు. కండువాతో మొహం తుడుచుకుని, "అమ్మమంటారా, ఉంచమంటారా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు అనుభవం మీద వస్తుందని మీరు అనుకోవచ్చు. నాకైతే రాలేదు. నిజం చెప్పాలంటే, చేరిన రోజు ఈ విషయంలో నాకున్న స్పష్టత దిగిపోయిన రోజున లేదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఎలా అయోమయంలో పడ్డానో చెబితే కనీసం మీరు ఒంటరిగా పడరని.

మనం అమ్మేది చలి

మిర్చి కోతలు మొదలయ్యాక కల్లాలన్నీ ఒకేసారి ఎర్రబడతాయి. సరుకంతా ఒకేసారి గుంటూరు మార్కెట్ యార్డుకి వస్తుంది కాబట్టి రేటు నలుగుతుంది. డబ్బు అవసరమున్నవాడు అప్పుడే అమ్ముకుంటాడు. ఆగగలిగినవాడు మన దగ్గరికి తెస్తాడు. మిర్చి బస్తాను మా వైపు టిక్కీ అంటారు. టిక్కీకి ఇంతని సీజను మొత్తానికి అద్దె. సరుకు దింపుకుని మనం రసీదుగా బాండు రాసిస్తాం. ఆ బాండు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. తరవాత వినాయక చవితికో, దసరాకో, దీపావళికో రేటు బాగుందనిపించిన రోజున కమీషన్ వ్యాపారికి నమూనా చూపించి అమ్ముకుంటారు. మళ్లీ కొత్త కాయ వచ్చేసరికి పాతదాని మొహం చూసేవాళ్లు తగ్గిపోతారు. అంటే, ఒక రైతు ఏడాది మొత్తంలో తీసుకునే అతి పెద్ద డబ్బు నిర్ణయం మన గోడల మధ్య నెలల తరబడి చల్లగా కూర్చుని ఉంటుంది. బయట ఆ రైతు మాత్రం ఉడికిపోతుంటాడు.

మా యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. నేను చేరినరోజు ఆయన నన్ను ఛాంబరు తలుపు దగ్గర నిలబెట్టి అడిగారు.

"ఏమయ్యా, మనం అమ్మేదేంటి?"

"అమ్మడం లేదండీ, నిల్వ చేస్తున్నాం."

"కాదు. చలి అమ్ముతున్నాం. చలి తప్ప ఇంకేదీ అమ్మం. ముఖ్యంగా సలహాలు అమ్మం, ఊరికే కూడా ఇవ్వం. రేటు పెరిగితే వాళ్ల తెలివి, పడితే నీ మాట. అర్థమైందా?"

ఆయన ఇంకో షరతు కూడా పెట్టారు. నేను ఒక్క టిక్కీ కూడా సొంతానికి కొనకూడదు. "నీకు సరుకుంటే నీ మొహంలో కనపడిపోద్ది," అన్నారు.

పాతకాలం వ్యాపారి అతిజాగ్రత్త అనుకున్నాను. నేను బీకాం చదివినవాణ్ణి. పేపర్లో వ్యాపారం పేజీ వదలకుండా చూసేవాణ్ణి. రైతు అడిగేదానికి జవాబు చాలా తేలికనిపించేది. సరుకు ఉంచడం ఊరికే రాదు. అద్దె ఉంది, బ్యాంకు వడ్డీ ఉంది, ఆరిపోయి తగ్గే బరువు ఉంది. ఇవి కలిపితే, కోతలప్పటి రేటే దసరాకి వచ్చినా రైతు నష్టపోయినట్టు. ఈ ఖర్చును దాటి పెరుగుతుందని గట్టి నమ్మకం ఉంటే ఉంచాలి, లేకపోతే అమ్మాలి. ఇది ఒక చిన్న కాగితం మీద వేసి చూపిస్తే చాలనుకున్నాను. చూపించాను కూడా. అందరికీ ఇట్టే అర్థమైంది. మన రైతులకు కూడికలు రావనుకునేవాళ్లు వాళ్లతో ఎప్పుడూ బేరమాడి ఉండరు. అయితే లెక్క అర్థమైతే నిర్ణయం దానంతటదే మారుతుందని అనుకున్నాను చూడండి, అక్కడే తికమక మొదలైంది.

మాస్టారి ఓపిక

పర్చూరు వైపు నుంచి దేవసహాయం మాస్టారని ఒకాయన వచ్చేవారు. హైస్కూలు హెడ్మాస్టరు. వ్యవసాయం లేదు. కోతల్లో రేటు పడ్డప్పుడు దాచుకున్న డబ్బుతో కొన్ని టిక్కీలు కొని మా దగ్గర పెట్టేవారు. నచ్చిన రేటు వస్తే అమ్మేవారు, రాకపోతే మరుసటి ఏడాదికి కూడా ఉంచేసేవారు. ఆయన వస్తే రైతులు చుట్టూ మూగేవాళ్లు.

"మిర్చికి కావాల్సింది తెలివి కాదండీ, ఓపిక," అనేవారు మాస్టారు. తెల్లచొక్కా, జేబులో పెన్ను, నెమ్మదైన మాట. వినేవాళ్లకి అది చర్చిలో చెప్పిన మాటలా ఉండేది. కొన్నాళ్లు నేను కూడా ఆ మాటే అందరికీ చెప్పాను.

తరవాత నెమ్మదిగా ఒకటి తట్టింది. మాస్టారికి ఒకటో తారీఖున జీతం వస్తుంది. ఆయన టిక్కీలు అమ్ముడుపోయినా పోకపోయినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పక్కనే అదే రకం కాయ పెట్టిన కౌలు రైతుకి, జూన్ రాగానే విత్తనాలు కావాలి, కౌలు కట్టాలి, ఎరువుల కొట్టులో పాత బాకీ తీరిస్తేనే కొత్త బస్తా ఇస్తారు. ఇద్దరి సరుకూ ఒకటే, రేటూ ఒకటే. కానీ ఆగడానికి ఇద్దరికీ అయ్యే ఖర్చు ఒకటి కాదు. మాస్టారు ఓపిక అంటున్నది నిజానికి జీతం. డబ్బు గురించి పైవాళ్లు కిందవాళ్లకి చెప్పే సలహాల్లో చాలా భాగం ఇలాంటిదేనని నా అభిప్రాయం. తనకున్న ఆసరాని తన గుణం అనుకుంటారు.

ఈ మాట ఒకసారి మాస్టారితోనే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. నవ్వి, "మరి మా స్టాఫ్ రూములో అందరికీ జీతాలొస్తాయి కదండీ. వాళ్లెవరూ ఆగలేకపోతున్నారే?" అన్నారు.

 

కళ్లతో చూసిన రేటు

మాస్టారి మాటలు వింటూ నిలబడేవాళ్లలో సాంబయ్య ఒకడు. ప్రత్తిపాడు దాటాక ఒక ఊరు ఆయనది. కొంచెం సొంత పొలం, దానికి రెట్టింపు కౌలు. పత్తి, మిర్చి వేసేవాడు. తొంభైల చివర్లో ఒక ఏడాది పత్తిని పురుగు తినేసింది. మందులు కొట్టికొట్టి ఎరువుల కొట్టులో బాకీ పెరిగింది తప్ప పురుగు తగ్గలేదు. మిర్చి మాత్రం బాగా పండింది. ఆ మిర్చే ఆయనకు మిగిలిన ఆశ.

ఆ ముందటి ఏడాది యార్డులో ఒకరోజు పలికిన మంచి రేటు ఒకటి సాంబయ్య మనసులో మేకులా దిగిపోయింది. దానికి తక్కువైతే అమ్మనన్నాడు. నేను నా కాగితం చూపించాను. అద్దె, వడ్డీ, తరుగు.

ఆయన శ్రద్ధగా చూశాడు. "కరెక్టే సార్. మీరు వేసింది అణా పైసలతో కరెక్టే. కానీ ఆ రేటు నేను కళ్లతో చూశాను కదా?"

వినాయక చవితి నాటికి రేటు ఆ మేకు దగ్గరదాకా వచ్చి ఆగింది. ఇంకాస్త వస్తుందిలెమ్మని ఆగాడు. దసరాకి జారింది. అప్పుడు చవితి రేటు మనసులో దిగింది. "చవితి రేటన్నా రాకుండా ఎట్టా ఇచ్చేది సార్?" అన్నాడు. దీపావళికి ఇంకా జారింది. చివరికి కొత్త కాయ యార్డులోకి వస్తుంటే, కోతలప్పటి రేటుకన్నా తక్కువకి తెగనమ్ముకున్నాడు. అద్దె కట్టేటప్పుడు నా మొహం చూడలేదు. సరుకు విలువ ఈరోజు ఎంతో చూడాలి గాని, నిన్న ఎంత ఉండేదో చూసి కూర్చోకూడదని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే. అయితే నిన్నటి రేటు తప్ప ఇంకేం తెలియని మనిషి, రేపటిని దేంతో కొలవాలో ఆ పుస్తకాలు చెప్పవు.

అబద్ధమని మీకెట్టా తెలుసు?

మరుసటి ఏడాది కూడా సాంబయ్య సరుకు మా దగ్గరే పెట్టాడు. ఎండలు తగ్గాక ఒకరోజు ఆయన భార్య నాగేంద్రమ్మ ఒక్కతే బస్సులో వచ్చింది. అంతకుముందు ఆమెను టిక్కీలు దింపేటప్పుడు ట్రాక్టరు పక్కన చూశానంతే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేనేజరు గారూ, రేటు పడిపోద్దని మా ఆయనకి చెప్పండి."

"పడిపోతుందని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవురూ చెప్పలేదు. పడిద్దో పెరిగిద్దో నాకెందుకండీ? పొద్దున లేచి టెలిఫోను బూతు కాడికి పోతాడు. రేటు కనుక్కుని వచ్చి అన్నం ముందు కూర్చుంటాడు, తినడు. తగ్గితే తగ్గిందని తినడు. పెరిగితే ఇంకా పెరిగిద్దేమోనని తినడు. నిరుడు ఎరువుల కొట్టాయన మా అరుగు మీద వచ్చి కూర్చున్నాడు, ఊరంతా చూశారు. ఈసారి నా వల్ల కాదండీ. మీ మాటంటే ఆయనకి గురి."

"అబద్ధం చెప్పలేనమ్మా."

"అబద్ధమని మీకెట్టా తెలుసు?"

రేటు పెరుగుతుందో పడుతుందో తెలియనప్పుడు, పడుతుందని చెప్పడం అబద్ధమా కాదా? ఆమె వెళ్లాక కూడా చాలాసేపు అదే ఆలోచించాను. తేలలేదు.

కొన్నిరోజులకు సాంబయ్య వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. ఎప్పటి ప్రశ్నే అడిగాడు. పెద్దాయన షరతు గుర్తుంది, నాగేంద్రమ్మ మొహమూ గుర్తుంది. నేను మాట తూచి చెప్పాననే అనుకున్నాను.

"రేటు సంగతి నాకు తెలీదు సాంబయ్యా. నీ స్థానంలో నేనుంటే మాత్రం అమ్మేస్తాను. కొట్టు బాకీ తీర్చేసి కంటినిండా నిద్రపోతాను."

ఆయన నా కళ్లలోకి చూశాడు. ఆ వారంలోనే వ్యాపారిని తీసుకొచ్చి సరుకంతా ఎత్తించేశాడు.

తరవాత కొద్దిరోజులకే రేటు కుప్పకూలింది. ఎందుకు కూలిందంటే, ఇప్పటికీ ఇద్దరు వ్యాపారులు ఒకే కారణం చెప్పరు. సాంబయ్య గంపెడు దోసకాయలతో ఆఫీసుకి వచ్చాడు.

"మీకు ముందే తెలుసు సార్."

"నాకేం తెలీదయ్యా. నేను చెప్పింది నీ బాకీ గురించి. రేటు గురించి కాదు."

"పెద్దోళ్లు అట్టాగే అంటారు," అని దోసకాయలు బల్ల మీద పెట్టి, హమాలీలందరికీ వినపడేలా జరిగిందంతా చెప్పి వెళ్లాడు.

దగ్గితే ఒక అర్థం

ఇక చూడండి నా పాట్లు. మర్నాటి నుంచి ఊళ్ల పేర్లు కూడా నేనెప్పుడూ వినని చోట్ల నుంచి రైతులు రావడం మొదలుపెట్టారు. తెలీదని చెబితే, "మాకు చెప్పరులెండి, సాంబయ్యకే చెప్తారు," అని మూతి ముడిచేవారు. మాట రాకపోతే నా మొహం చదివేవారు. ఎవరికైనా టీ తెప్పిస్తే ఉంచమని అర్థమట, తెప్పించకపోతే అమ్మమనట. ఇది నాకు మేస్త్రీ చెప్పేదాకా తెలియదు. తెలిశాక టీ తెప్పించాలన్నా భయం, మానాలన్నా భయం.

పెద్దాయన పిలిపించారు.

"ఏమయ్యా, జాతకాలు చెబుతున్నావంట?"

"లేదండీ. తెలీదనే చెబుతున్నాను."

"అదే తప్పు. తెలీదని కూడా అనమాక."

"మరేమనమంటారండీ?"

"దగ్గు. దగ్గుకుంటూ లోపలికి పో. మిర్చి ఉన్నచోట దగ్గితే ఎవడూ అర్థాలు వెతకడు."

దగ్గాను. వారం తిరక్కుండా దగ్గుకీ అర్థం పుట్టింది.

నవ్వులాటగానే ఉంటుంది గాని, దీని వెనక భయపడాల్సింది ఉంది. సాంబయ్య మరుసటి ఏడాది కౌలు పొలం పెంచాడు. అంతకుముందు సాహసించని చోట అప్పు తెచ్చి మరీ మిర్చి వేశాడు. ఎందుకంటే తెలిసిన మనిషి ఒకడు తనకున్నాడు. ఆ తెలిసిన మనిషిని నేను. ఒక్కసారి కాకతాళీయంగా కలిసిరావడం మీద ఒక సంసారం అంత బరువు పెట్టేసింది. మన దగ్గరే కాదు, చిట్టీల కంపెనీల దగ్గరా, షేర్ల దగ్గరా, ఇళ్ల స్థలాల దగ్గరా నేను చూసిన నష్టాల్లో సగం ఇలాగే మొదలయ్యాయి. ఎవరికో ఒకసారి కలిసొస్తే దాన్ని అందరూ జ్ఞానం అనుకుంటారు. ఆ కలిసొచ్చినవాడు కూడా కొన్నాళ్లకి అలాగే అనుకుంటాడు. నేను అనుకోలేదని గట్టిగా చెప్పలేను. ఒకటి రెండు రాత్రులు నాకూ అనిపించింది, ఏమో, నాకు నిజంగానే తెలిసి ఉంటుందేమోనని.

సరుకు స్టోరేజీలోకి చేరాక నాగేంద్రమ్మ మళ్లీ వచ్చింది.

"ఈసారి మీకేమీ తెలీదని ఆయనకి చెప్పండి."

"పోయినేడు తెలిసినట్టు చెప్పమన్నారు కదమ్మా?"

"అప్పుడాయన ఎవరి మాటా వినట్లేదు. ఇప్పుడు మీ మాట తప్ప ఎవరి మాటా వినట్లేదు. దానికన్నా ఇదే భయంగా ఉందండీ."

ఆ మాట నాకు తగిలింది. ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. సాంబయ్య మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడు. నేను ఏదీ దాచకుండా చెప్పాను. రేటు గురించి నాకు ఒక్క ముక్క తెలియదని, ఆ ఏడు జరిగింది కాకతాళీయమని, నా మాట మీద పొలం పెంచొద్దని, నన్ను చూసి ఏ నిర్ణయమూ చేయొద్దని.

ఆయన ఓపిగ్గా విన్నాడు. తరవాత నవ్వాడు.

"తెలీనాయన ఆదివారం పూట బస్సెక్కి ఇంతదూరం వచ్చి తెలీదని చెప్తాడా సార్?"

నాగేంద్రమ్మ గుమ్మంలో నిలబడి నా వంక చూసింది. నేను ఆమె వంక చూశాను.

నేను అమ్మమనలేదు కాబట్టి ఉంచమన్నట్టేనని సాంబయ్య తేల్చుకున్నాడు. ఉంచాడు. ఆ ఏడాది రేటు ఎగిసింది. అప్పులు తీరాయి, ఇంటికి శ్లాబు పడింది.

ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. మొదటి ఏడాది నేను సరైన లెక్క చూపించాను. వినలేదు, నష్టపోయాడు. రెండో ఏడాది బాకీ గురించి చెప్పాను. దాన్ని రేటు జోస్యం అనుకుని అమ్మాడు, బయటపడ్డాడు. మూడో ఏడాది నన్ను నమ్మొద్దని చెప్పాను. అందుకే నమ్మాడు, లాభపడ్డాడు. ఆ మూడేళ్లలో నేను చెప్పింది ఆయన ఒక్కసారీ వినలేదు. ఆయన విన్నది నేను ఒక్కసారీ చెప్పలేదు. ఇందులోంచి ఏ నీతి తీసి మీకివ్వమంటారు?

ఆవిడ సగం, ఆయన సగం

నీతి దొరికిందని నాకు ఒకే ఒక్క ఏడాది అనిపించింది. అది నాగేంద్రమ్మ చలవ.

కొన్నేళ్ల తరవాత ఒక కోతలకి, కాయ ఇంకా కల్లంలో ఉండగానే, ఆమె పట్టుబట్టి కుప్పను రెండు చేయించిందట. "ఈ సగం నాది. కౌలు, కొట్టు బాకీ, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు అన్నీ నా సగంలోంచి నేను చూసుకుంటా. నీ సగంతో నువ్వేమన్నా చేసుకో. స్టోరేజీలో పెట్టుకుంటావో, మేనేజరు గారి మొహం చూసుకుంటావో నీ ఇష్టం," అందట. ఆమె సగం నేరుగా యార్డుకి వెళ్లిపోయింది. ఆయన సగం మా దగ్గరికి వచ్చింది.

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నా కాగితం మీది లెక్కలో లేనిది ఇదే కదా అనిపించింది. పోతే తట్టుకోలేని డబ్బు ఒక పక్కన, పోయినా బతకగల డబ్బు ఒక పక్కన. రేటు ఏమవుతుందనే ప్రశ్నకు జవాబు అక్కర్లేకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. ఆ సీజనంతా వచ్చినవాళ్లందరికీ, ఊరూ పేరూ చెప్పకుండా, ఆ సంగతే చెప్పాను. దేవసహాయం మాస్టారు కూడా విని తలూపారు. "ఇది బాగుందండీ. ఇది చాలా బాగుంది," అన్నారు.

మిగతా జిల్లాల్లో వానలకి పంట పోయిందో ఏమో, ఆ ఏడాది చివర్లో రేటు ఎవరూ ఊహించనంత పెరిగింది. సాంబయ్య సగం, నాగేంద్రమ్మ సగానికి రెట్టింపు పైన పలికింది.

సరుకు ఎత్తించడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. సాంబయ్య మొహం వెలిగిపోతోంది.

"చూశారా సార్! ఈవిడ సగం కూడా ఉంచి ఉంటే ట్రాక్టరు వచ్చేది."

"నీ సగం కూడా అమ్మి ఉంటే నువ్వు వేళకి అన్నం తినేవాడివి," అందామె.

"తిన్నానుగా?"

"ఏం తిన్నావు, కంచం ముందు కూర్చుని సెల్లు చెవిలో పెట్టుకుని!"

హమాలీలు నవ్వారు. సాంబయ్య కాటా దగ్గరికి వెళ్లాడు. ఆమె నా బల్ల ముందు ఉండిపోయింది. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ఆమె గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు.

"అమ్మి తప్పు చేశానంటారా?"

ఈ ఒక్కదానికి నా దగ్గర జవాబుందనుకున్నాను. "లేదమ్మా. రేటు పెరుగుతుందని ఆరోజు ఎవరికీ తెలీదు. మీకు తెలిసినదాన్ని బట్టి మీరు చేసింది సరైన పనే. ఫలితాన్ని బట్టి కాదు, తీసుకున్ననాటి సంగతుల్ని బట్టి చూడాలి."

ఆమె శ్రద్ధగా వింది. తరవాత గుండెమీద చెయ్యి పెట్టుకుంది.

"సరైందే చేస్తే మరి ఇక్కడెందుకండీ ఇట్టా ఉంది?"

నాకు దగ్గొచ్చింది. ఈసారి నిజంగానే వచ్చింది.

ట్రాక్టరు మీద ఎవరి సరుకు?

తరవాతి కోతలయ్యాక ఒక పొద్దున వాళ్ల టిక్కీలు వేసుకుని ఒక బాడుగ ట్రాక్టరు గేటు ముందు ఆగింది. సాంబయ్య దిగి వచ్చాడు. సగం సరుకే కనపడుతోంది, అంటే నిరుటిలాగే ఆయన సగమనుకున్నాను. బాండు పుస్తకం తీసి ఆయన పేరు రాయబోయాను.

"ఆగండి సార్. ఇవి నావి కావు. నా సగం నేను కల్లంలోనే అమ్మేశా. కౌలు కట్టేశా, కొట్టు బాకీ తీర్చేశా. ఈసారి ఆ ఖర్చులన్నీ నావే."

"మరి ఇవి?"

ఆయన ట్రాక్టరు వైపు బుర్ర ఊపాడు. నాగేంద్రమ్మ టిక్కీల పక్కన నిలబడి, నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తోంది.

"ఆవిడవి," అన్నాడు సాంబయ్య.

నేను బయటికి వెళ్లాను. "ఏమ్మా?" అన్నాను.

"ఈ ఒక్క ఏడాదికేనండీ," అందామె. పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. మిర్చి ఘాటుకో, సిగ్గుకో. "ప్రతిసారీ నేనే ముందు అమ్మాలని ఏముంది?"

"ఎందుకు మారావు సాంబయ్యా?" అని ఆయన్ని అడిగాను.

"ఏమో సార్. నిరుడు లాభం వచ్చింది, నిజమే. కానీ ఆ నెలలన్నీ ఎట్టా గడిచాయో నాకు తెలుసు. ఈవిడ మాత్రం ఎంచక్కా బాకీలు తీర్చుకుని, పొలం పని చూసుకుంటా తిరిగింది. నాక్కూడా ఒక్క ఏడాది అట్టా ఉండాలనిపించింది."

ఆయనకి ఆమె నెమ్మది కావాలనిపించింది. ఆమెకి ఆయన లాభం కావాలనిపించింది. ఒకరి దగ్గరున్నది ఒకరు చూసి, ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. నేను అందరికీ చెప్పి తిరిగిన సూత్రం చెక్కుచెదరలేదు, సగం సగంగానే ఉంది. మనుషులే అటువాళ్లు ఇటూ, ఇటువాళ్లు అటూ అయ్యారు. ఆ బాండు మొదటిసారి నాగేంద్రమ్మ పేరు మీద రాసిచ్చాను. చేతిలో పెడితే, మడత పెట్టకుండా అలాగే పట్టుకుని చూసుకుంది.

ఆ సీజనులో నాకు ఫోన్లు ఆమె నుంచే వచ్చేవి. "ఈ పూట ఎట్టా ఉందండీ యార్డు?" అనేది. రేటు చెప్పేవాణ్ణి, అంతకుమించి ఒక్క ముక్క అనేవాణ్ణి కాను. ఫోన్లో ఆమె వెనక నుంచి సాంబయ్య కేకలు వినపడేవి. "ఒసేయ్, అన్నం చల్లారిపోతంది, రా!" అని.

ఆ ఏడాది రేటు ఏమైందని మీరు అడుగుతారు. ఈ కథ చెప్పిన ప్రతిచోటా అందరూ అడిగే మొదటి మాట అదే. నాకు తెలుసు, మీకు మాత్రం చెప్పను. చెప్పిన మరుక్షణం మీరు ఆ ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్లో, ఎవరు తొందరపడ్డారో తేల్చేసి, ఏదో నేర్చుకున్నామనుకుని కాగితం మడిచేస్తారు. ట్రాక్టరు ఆగిన ఆ పొద్దున వాళ్లకి అది తెలియదు. నాకూ తెలియదు. రేపు మీ గేటు ముందు ఎవరో దిగి బల్లకు అవతల నిలబడితే, మీకూ అంతే తెలుస్తుంది.

వాళ్లని కూర్చోమనండి. టీ మాత్రం అందరికీ తెప్పించండి.